గాలం వేస్తే సరిపోదు, తీయడమూ రావాలి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పత్రిక జిల్లా పేజీలో తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట దగ్గర గాలాలు వేస్తున్న కుర్రాళ్ల ఫొటో వేశారు. అది చూసి నాకు కడుపు మండింది. ముందున్న అబ్బాయి అరచేయంత బొచ్చె పిల్లను మొప్పల్లో వేలు దూర్చి పట్టుకుని, రెండో చేత్తో దారం గుంజుతున్నాడు. గాలం గొంతులో దిగి ఉంది. ఆ చేపను మళ్లీ నీళ్లలో వదిలేశారని కింద గొప్పగా రాశారు. అట్లా గుంజాక వదిలితే ఏం లాభం? అది బతుకుతుందా?

ముప్పై ఏళ్లుగా తుంగభద్రలో, కె.సి. (కర్నూలు-కడప) కాలువలో గాలం వేస్తున్నాను. మా జేజినాయన నాకు ఎర గుచ్చడం కంటే ముందు చెయ్యి తడుపుకోవడం నేర్పాడు. చేప ఒంటి మీది జిగురే దానికి రక్ష. పొడి చేత్తోనో, తువ్వాలుతోనో పట్టుకుంటే అది ఊడిపోయి, ఆ చోట పుండు పడుతుంది. గాలం పెదవికి తగిలితే సన్న మూతి పట్టకారుతో (నోస్ ప్లేయర్‌తో) వంపు దగ్గర పట్టి, దిగిన దారినే వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది. చేపను నీళ్లలోనే ఉంచి తీస్తే ఇంకా మేలు. గొంతులోకి దిగితే మాత్రం లాగకూడదు. మొప్పలు, గుండె అన్నీ అక్కడే ఉంటాయి. నోటి దగ్గర దారం కత్తిరించి వదిలేస్తే బతికే అవకాశం ఎక్కువ. మొన పక్కనుండే ఎదురుముల్లును ముందే ప్లేయర్‌తో నొక్కేసుకుంటే ఈ తంటా చాలా తగ్గుతుంది. ముల్లు లేకున్నా, దారం బిగువు వదలకుండా లాగితే చేప అంత సులువుగా జారిపోదు. కూరకైతే నెత్తిన ఒక్క దెబ్బ కొట్టి చంపాకే గాలం తీయండి. ప్రాణంతో ఉన్నదాని నోరు చీల్చడం ఎందుకు?

మనుషులకూ ఇదే గతి పడుతోంది. రెండేళ్ల కిందట మా మేనల్లుడి బొటనవేల్లో గాలం దిగింది. పక్కనున్నవాళ్లు "ఏం గాదు, గుంజెయ్" అని గుంజేశారు. ఎదురుముల్లు కండను చీల్చుకుంటూ వచ్చింది. కుట్లు పడ్డాయి, టీటీ ఇంజెక్షన్ వేశారు, వారం రోజులు బడి పోయింది. గాలంతోనే తీసుకొచ్చి ఉంటే మత్తు ఇచ్చి, మొనను ముందుకే బయటికి నెట్టి, ముల్లు కత్తిరించి సులువుగా తీసేవాళ్లమని డాక్టరు మమ్మల్ని కోప్పడ్డారు. ఆ మాట అంతకుముందు మాకు చెప్పినవాళ్లే లేరు.

ఎవరు చెప్తారు? చేపపిల్లలు వదిలే రోజు పెద్దలంతా గట్టు మీదికి వస్తారు, ఫొటోలు దిగుతారు, పోతారు. వదిలిన పిల్లలు ఏమవుతున్నాయో మళ్లీ చూసే నాథుడు లేడు. నేను కూర్చునే గట్టున ఎప్పుడూ ఒక్క బోర్డు కనపడలేదు. గాలాలు అమ్మే అంగట్లో డబ్బు తీసుకుంటారు గానీ ఒక్క మాట చెప్పరు. తెగిన నైలాన్ దారం, తుప్పు పట్టిన గాలాలు గట్టంతా పడి ఉంటాయి. మొన్న ఒక కొంగ కాళ్లకు దారం చుట్టుకుని లేవలేక కొట్టుకుంటుంటే నేనే కత్తిరించి వదిలాను. వానలకు కొత్త నీళ్లు వచ్చి, చేపలు గుడ్లు పెట్టే రోజుల్లోనూ ఇదే తంతు.

అధికారులు గట్టు మీద బొమ్మలతో ఒక బోర్డు పెట్టించాలి. మీరు కూడా ఈసారి ఫొటో వేసేటప్పుడు, తడి చేత్తో చేపను పట్టి ప్లేయర్‌తో గాలం తీస్తున్న ఫొటో వేయండి. తీసి చూపించడానికి నేను వస్తాను.

— ఒక పాఠకుడు, కర్నూలు