అప్పు ఎక్కడ తెస్తారో ముందు అడుగు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం మానేసి, మీ ఊళ్ళోనే పదిమందికి ఆసరా అయ్యే వ్యాపారం పెట్టాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం కలిగింది. నేను గానుగ పెట్టి రెండేళ్ళకే మూసివేసిన సంగతి నీకు తెలుసు. అప్పుడు యంత్రానికి, షెడ్డుకు ఎంత అవుతుందో లెక్క వేసుకున్నాను గాని, వేరుశనగ రైతు పంట చేతికొచ్చిన వారంలోనే ఎందుకు అమ్మేస్తాడో కనుక్కోలేదు. పెట్టుబడికి అప్పిచ్చిన షావుకారుకే పంట పోయాలి. నేను రెండు రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా అతను నా గడప తొక్కలేడు.

ఆ ముడి ఎలా విప్పాలో హనుమకొండ దగ్గరి ముల్కనూరు అనే ఊరు వెళ్ళాక తెలిసింది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి నాయకత్వంలో అక్కడి రైతులు పెట్టుకున్న సహకార సంఘం పేరులోనే బ్యాంకూ ఉంది, మార్కెటింగూ ఉంది. అప్పు ఇచ్చేదీ, ఎరువు అమ్మేదీ, పంట కొనేదీ రైతులదే అయిన ఒకే సంఘం కాబట్టి, పంట డబ్బులోంచి బాకీ తీరుతుంది, మిగిలింది రైతు చేతికి వస్తుంది. ఆ సంఘం పెట్టిన చోటే ఆగిపోలేదు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లు, వడ్లకు రైస్ మిల్లు వచ్చాయి. ఆపైన సభ్యుల పొలాల్లోనే విత్తన వడ్లు పండించి అమ్మసాగింది.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆడవాళ్ళ పాల డెయిరీ. ప్రభుత్వ వాటాధనం తీసుకోకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకునే వీలును 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కల్పించింది. పొదుపు సంఘాల్లో కూడబెట్టిన అనుభవంతో ఆ చుట్టుపక్కల మహిళలు 2002లో డెయిరీ తెరిచారు. పాల ప్యాకెట్ల మీద ‘స్వకృషి’ అని ఉంటుంది. తెల్లవారుజామున ఒక పాల కేంద్రం దగ్గర నిలబడి చూశాను. ఒక పెద్దమ్మ తన పాలకు వచ్చిన వెన్న శాతం చీటీలో చూసుకుని, నిన్నటికంటే ఎందుకు తగ్గిందని అక్కడి అమ్మాయిని నిలదీసింది. మేత మార్చావా అని ఆ అమ్మాయి అడిగితే, కాసేపు ఆలోచించి, పచ్చిగడ్డి అయిపోయిందని ఒప్పుకుంది. డెయిరీ తనది కాబట్టే అంత గట్టిగా అడిగిందని, లెక్క తనకు అర్థమైంది కాబట్టే ఒప్పుకుందని నాకు అనిపించింది.

హనుమకొండలో హుస్నాబాద్ బస్సు ఎక్కితే ముల్కనూరు దారిలోనే తగులుతుంది. దసరాకు వచ్చినప్పుడు ఇద్దరం వెళదాం. ఈలోగా మీ ఊళ్ళో పదిళ్ళు తిరిగి, ఎవరు ఎక్కడ అప్పు తెస్తున్నారో, పంట ఎవరికి పోస్తున్నారో రాసి తీసుకురా. యంత్రాల ధరలు ఆ తరువాత చూద్దాం.

నీ స్నేహితుడు