దుబాయ్‌లో వాట్సాప్ కాల్ ఎందుకు కలవదు?

ఎడిటర్ గారికి నమస్తే,

ఇప్పుడు మన దగ్గర ఏ ప్యాక్ వేయించినా కాల్స్ అన్‌లిమిటెడ్, నిమిషాలు లెక్కపెట్టుకునే బాధ పోయింది అనుకుంటాం గానీ గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లల్లో ఆ లెక్క ఇంకా పోలేదండి. మా అన్న దుబాయ్‌లో ఉంటాడు. ఆ అన్‌లిమిటెడ్‌లో ఐఎస్‌డీ (విదేశాలకి చేసే కాల్) రాదు, పోనీ వాట్సాప్‌లో చేద్దామంటే దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో మెసేజ్ వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, వాయిస్ మెసేజ్ కూడా వెళ్తుంది, కాల్ మాత్రం కలవదు, అక్కడ ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చిన యాప్‌లతోనే మాట్లాడుకోవాలంట. అందుకే మేము అలా పర్మిషన్ ఉన్న బోటిమ్ అనే యాప్ వేసుకున్నాం. మా అమ్మకి ఆ పేరు నోరు తిరగక "బొట్టు యాప్" అంటుంది, వాయిస్‌లో మాట్లాడితే డేటా తక్కువ అవుతుందని ఎంత చెప్పినా వినదు, కొడుకు మొహం చూడాల్సిందే, సాయంత్రానికల్లా నా 1.5 జీబీ ఖతం.

కొందరు వీపీఎన్ (మన ఫోన్ వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) పెట్టి వాట్సాప్ కాల్ చేస్తున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, 2021లో తెచ్చిన అక్కడి సైబర్ చట్టంలో ఇలా ఐపీ అడ్రస్ (నెట్‌లో మన ఫోన్ చిరునామా) మార్చి నేరం చేస్తే జరిమానానే 5 లక్షల దిర్హాముల నుంచి మొదలు, పైగా జైలు కూడా ఉంది. పది రూపాయల కాల్ కోసం అంత రిస్కా?

సౌదీ వాళ్లు 2017లోనే ఇంటర్నెట్ కాల్స్ మీద బ్యాన్ ఎత్తేశారు. యూఏఈని కూడా అడగమని మన ఎంపీలకి మీ పేపర్ ద్వారా గుర్తు చెయ్యండి సార్, ఎలక్షన్లప్పుడైతే గల్ఫ్ కుటుంబాలు అందరికీ గుర్తొస్తాయి మరి.

ఇట్లు,
ఒక పాఠకుడు, జగిత్యాల