బిడారుల వెంట నడిచిన దేవుళ్లు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చేరింది. మతాలు దేశదేశాలకూ విస్తరించింది రాజుల అండతోనా, వర్తకుల వెంటనా అని నువ్వు అడిగిన ప్రశ్న వారం రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. అశోకుడినీ, క్రైస్తవాన్ని ఆదరించిన రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్‌నూ చూపించి రాజుల పక్షాన వాదించడం తేలికే గాని, నా మొగ్గు మాత్రం బిడారుల వైపే.

అసలు మనకు తెలిసిన మతాలన్నిటికంటే దారులే పాతవి. లావా చల్లారి ఏర్పడే నల్లని గాజురాయి, అబ్సిడియన్, పగలగొడితే ఎంతో పదునైన అంచునిస్తుంది. అనటోలియాలో, అంటే నేటి టర్కీలో, దొరికే ఆ రాయి, మట్టికుండ చేయడం ఇంకా తెలియని కాలంలోనే, వందల కిలోమీటర్ల దూరాన పాలస్తీనాలో ఉన్న జెరికోకు చేరింది. క్రీ.పూ. 9500 ప్రాంతం నుంచి, వేటాడి, ఏరుకుని బతికే మనుషులే టర్కీలోని గోబెక్లి తెపె అనే గుట్టమీద ఐదు మీటర్ల ఎత్తుకు మించిన రాతి స్తంభాలను కూడా నిలిపి, వాటిమీద నక్కలనూ పాములనూ రాబందులనూ చెక్కారు. పంటలూ ఊళ్లూ కుదురుకున్న తరువాతే పెద్ద ఆరాధనా స్థలాలు పుట్టాయన్న పాత ఊహ ఆ గుట్ట దగ్గర తడబడింది.

ఇక బౌద్ధానికి వస్తాను. జ్ఞానోదయమైన బుద్ధుడికి తొలి ఆహారం అర్పించిన తపుస్సుడు, భల్లికుడు ఇద్దరూ వర్తకులేనని బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెబుతుంది. పడమటి రేవుల నుంచి దక్కను పీఠభూమికి ఎక్కే కనుమదారులకు చేరువలోనే కార్లే, భాజా గుహావిహారాలను తొలిచారు. కార్లే స్తంభాలను చేయించిన దాతల్లో యవనులు (గ్రీకులకు మనవాళ్లు పెట్టిన పేరు) కూడా ఉన్నారని అక్కడి శాసనాలే చెబుతున్నాయి. నన్ను మరింత ఆకట్టుకున్నవాడు కాంగ్ సెంఘుయ్ అనే బౌద్ధ భిక్షువు. ఆయన వంశం మధ్య ఆసియాలోని సమర్‌కంద్ ప్రాంతానిది. తరతరాలుగా భారతదేశంలో ఉన్న ఆ కుటుంబం నుంచి తండ్రి వ్యాపారం కోసం నేటి ఉత్తర వియత్నాంకు తరలివెళ్లగా, అక్కడ పెరిగి సన్యసించిన కొడుకు క్రీ.శ. 247లో నేటి నాన్‌జింగ్ చేరి బౌద్ధ గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. ఇందులో ఏ చక్రవర్తి ఆజ్ఞా లేదు, ఒక వ్యాపారి వలస తప్ప.

వర్తకానికి మూలం నమ్మకం. పరాయి నేలమీద సరుకు ఎవరికి అప్పగించాలి, జబ్బుచేస్తే ఎవరి గడప తొక్కాలి, చనిపోతే కర్మ ఎవరు చేస్తారు? తన దేవుడికే మొక్కే నలుగురు అక్కడ ఉంటే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికినట్లే. అందుకే బిడారు ఆగిన చోటల్లా ఒక గుడో విహారమో వెలిసిందని నా నమ్మకం.

దీనికి నా దగ్గరున్న సాక్ష్యం ఒక స్త్రీ రాసిన ఉత్తరాలు. 1907లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టెయిన్ వాయవ్య చైనాలోని దున్‌హువాంగ్‌కు పడమరగా, పాడుబడిన కావలి బురుజులో, గమ్యం చేరని సోగ్డియన్ (సమర్‌కంద్ ప్రాంతపు వర్తక జాతి) జాబులను కనుగొన్నాడు. అవి క్రీ.శ. 313 ప్రాంతానివి, దాదాపు చెక్కుచెదరనివి అయిదు. వాటిలో రెండు మివ్‌నై అనే ఆమెవి. భర్త ఆమెను దున్‌హువాంగ్‌లో దిక్కులేకుండా వదిలేశాడు. ఒంటిమీద సరైన బట్ట లేదనీ, చేతిలో డబ్బు లేదనీ, అప్పు అడిగితే ఎవరూ ఇవ్వడం లేదనీ, ఆలయ పూజారి దయమీదనే బతుకుతున్నాననీ తల్లికి రాసుకుంది. నువ్వు బయలుదేరితే ఒక ఒంటెనిస్తాను, తోడుగా మనిషిని పంపుతాను అన్నవాడూ ఆ పూజారే. సొంత మనుషులు కాదన్న చోట ఆమెకు గుడి ఆసరా అయింది. భర్తకు రాసిన జాబులో, నీకంటే కుక్కకో పందికో భార్యనైనా బాగుండేదని మండిపడింది. ఆ జాబు చివర కూతురు షయ్న్ కొన్ని మాటలు చేర్చింది. తల్లీ తానూ చైనావాళ్ల దగ్గర పనివాళ్లమయ్యామని చెప్పుకుంది. పదిహేడు వందల ఏళ్ల తరువాత కూడా ఆ మాటలు చదువుతుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ జాబుల అనువాదాలను ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మివ్‌నై తల్లికి రాసినదాన్ని ముందు చదివి, రాజుల పక్షాన నీకింకా ఏమైనా చెప్పాలనిపిస్తే వివరంగా రాయి.

నీ జాబు కోసం ఎదురుచూసే
నీ మిత్రుడు