స్కాన్‌లో కనిపిస్తే నమ్ముతాడా

ఒరేయ్ శీనూ,

దసరాకి రాస్తానని మాటిచ్చి దీపావళి కూడా దాటించాను, ఏమీ అనుకోకు. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం, పాప బాగా చదువుతోంది, మేడ పని సగంలో ఆగింది. అవన్నీ తర్వాత. ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

అక్క కొడుకు చిన్నాగాడు మొన్న పండక్కి వచ్చాడు. వాళ్ళమ్మ గోంగూర ఒలుస్తుంటే పక్కన కూర్చుని, తనకి అబ్బాయిలంటేనే ఇష్టమని చెప్పేశాడట. నేను వెళ్ళేసరికి ఆకులూ కాడలూ ఒకే గిన్నెలో కలిసిపోయి ఉన్నాయి. అక్క ఇంకా తుంచుతూనే ఉంది.

బావ ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "గేల మెదడు ఆడవాళ్ళ మెదడులా ఉంటుందట. జువాలజీ చెప్తావు కదా, నీకు తెలుస్తుంది. స్కాన్ తీయించి మందులు వాడదామా?" అన్నాడు. కోపం రాలేదురా. ఆయన చెయ్యి వణుకుతోంది.

ఆ రాత్రంతా కూర్చుని చదివాను. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1991లో అమెరికాలో సైమన్ లెవే అనే ఆయన చనిపోయిన 41 మంది మెదళ్ళు పరీక్షించాడు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగంలో ఇసుక రేణువంత కణాల గుంపు ఒకటుంది. అది ఆడవాళ్ళలో కన్నా మగవాళ్ళలో సగటున రెండింతలు పెద్దది, గే మగవాళ్ళలో మాత్రం ఆడవాళ్ళలో ఉన్నంతేనని ఆయనకి తేలింది. లెవే కూడా గేనే. తోడుగా ఉన్న మనిషి ఎయిడ్స్‌తో పోయాక మొదలుపెట్టిన పని అది. చదువుతుంటే గుండె బరువెక్కింది. కానీ ఆ 19 మంది గే మగవాళ్ళూ ఎయిడ్స్‌తో పోయినవాళ్ళే. ఆ తేడా వాళ్ళ ఇష్టం వల్ల వచ్చిందో, ఆ రోగం వల్ల వచ్చిందో ఎలా తేల్చడం! 2001లో విలియం బైన్ అనే ఇంకో పరిశోధకుడు మళ్ళీ చూస్తే ఆడ, మగ తేడా నిలబడింది కానీ, గే మగవాళ్ళలోనూ మిగతా మగవాళ్ళలోనూ కణాల సంఖ్యలో తేడా రాలేదు. 2008లో స్టాక్‌హోమ్‌లో బతికున్న 90 మందికి స్కాన్లు తీసి కొన్ని తేడాలు చూపించారు. అన్నీ సగటులేరా! ఒక్క మనిషి తల చూసి వాడు ఎవరిని ఇష్టపడతాడో ఏ స్కానూ చెప్పలేదు.

మర్నాడు డాబా మీద చిన్నాగాడు అడిగాడు. "మామయ్యా, స్కాన్‌లో ఏదైనా కనిపిస్తే నాన్న నమ్ముతాడా? అయితే తీయించుకుంటాను."

ఆ మాటకి నా దగ్గర... వాడి భుజం మీద చెయ్యేసి కూర్చున్నాను, అంతే. చిన్నప్పుడు చెరువుగట్టున నువ్వు నా పక్కన కూర్చున్నట్టు.

బావకి మాత్రం గట్టిగానే చెప్పాను. ఇది రోగం కాదని 2018లో మన సైకియాట్రీ డాక్టర్ల సంఘమే చెప్పిందనీ, మారుస్తామంటూ వైద్యం చేస్తే అది డాక్టరు తప్పేనని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ తేల్చిందనీ. ఆయన చాలాసేపు నేల చూసి, "అయితే నా పెంపకంలో లోపం లేదంటావా?" అన్నాడు. లేదు బావా అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను గానీ...

కింద బావ హారన్ కొడుతున్నాడు. చిన్నాగాడికి రాత్రి బస్సు. ఎక్కించడానికి తానే వస్తానన్నాడు, నన్నూ రమ్మంటున్నాడు. మిగతాది