పదిసార్లు రాసిన జీడిపప్పు

కాశీబుగ్గ,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు నవ్విన నవ్వు వంటింట్లో ఉన్న మీ అమ్మకి కూడా వినపడింది. ఏమయిందని అడిగితే లైన్ బాగాలేదని చెప్పాను. అసలు సంగతి మన ఇద్దరి మధ్యనే ఉండనీ.

సంక్రాంతికి వచ్చి నువ్వు కొట్టుకి వెబ్‌సైట్ చేసిపెట్టి వెళ్లినప్పటి నుంచి, రోజూ షట్టర్ దించే ముందు సెర్చ్ పెట్టెలో ‘జీడిపప్పు’ అని కొట్టి చూసుకోవడం నాకు అలవాటయింది. కొట్టినప్పుడల్లా ముందు వచ్చేది ముక్కల ప్యాకెట్. మన 240 రకం కిలో ప్యాకెట్ ఎక్కడో పద్నాలుగో వరసలో ఉంటోంది. పెళ్లికొడుకుని ఆఖరి బంతిలో కూర్చోబెట్టినట్టు ఒళ్లు మండింది. అందుకే దాని వివరాల్లోకి వెళ్లి, ‘జీడిపప్పు’ అన్న మాట పదిసార్లు అయ్యేదాకా రాశాను. ‘శ్రేష్ఠమైన’, ‘నాణ్యమైన’, ‘అసలైన’ అని మూడు విశేషణాలు కూడా తగిలించాను. ఎనిమిది మాటల వివరం ఇరవై మాటలయింది. మళ్లీ కొట్టి చూస్తే మనదే మొదట! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూడో రోజున శ్రీకాకుళం నుంచి మన పాత ఖాతాదారు ఫోన్ చేశాడు. “ఏం బాబూ, 240 కిలో ప్యాకెట్ ఆపేశారేటి? గిఫ్టు డబ్బాలే కనపడుతున్నాయి” అన్నాడు. ఆయన జీడిపప్పు అని కొట్టలేదు, ఉత్త ‘240’ అని కొట్టాడు. పౌండు బరువుకి 220 నుంచి 240 గింజలు తూగే తెల్ల పప్పుకి ఆ పేరని తెలిసినవాడు జీడిపప్పు అని ఎందుకు కొడతాడు? అలా కొడితే మూడు గిఫ్టు డబ్బాలు ముందు, మన కిలో ప్యాకెట్ అన్నిటికన్నా కింద.

సెర్చ్‌లో ఏ సరుకు ముందు రావాలో మార్కులు వేసి తేల్చే సూత్రమని నువ్వు నవ్వడం అయ్యాక చెప్పినదాన్ని కాగితం మీద పెట్టుకుని, కాలిక్యులేటర్‌తో రెండు రాత్రులు కూర్చున్నాను. నా లెక్క సరిచూడు.

మన సైట్లో మొత్తం 48 సరుకులు. ‘జీడిపప్పు’ అన్న మాట 46 వాటిలో ఉంది. 48ని 46తో భాగించి సహజ లాగరిథం (ln) తీస్తే 0.04. అంటే ఆ మాటకి నాలుగు పైసల విలువ. ‘240’ నాలుగింటిలోనే ఉంది, దాని విలువ 2.48. ఊరందరి దగ్గరా ఉన్నదానికి ధర ఉండదని సంతలో తట్ట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మకీ తెలుసు. దాన్ని మాటల మీద ప్రయోగించవచ్చని కేంబ్రిడ్జ్‌లో కేరెన్ స్పార్క్ జోన్స్ అనే ఆవిడ రాసింది 1972లోనని చెప్పావు. నేను రెండో ఎక్కం అప్పజెప్పలేక దెబ్బలు తింటున్న రోజులవి.

ఇక పదిసార్లు రాసిన సంగతి. ఒకసారి ఉంటే 1 మార్కు అనుకుంటే, పదిసార్లు ఉంటే పది రావాలని కదా నా ఆశ! వచ్చేది 1.96. లక్షసార్లు రాసినా 2.2 దాటదు. మొదటి లడ్డూకి ఉన్న రుచి పదో లడ్డూకి ఉండదు కదా. పైగా వివరం పొడుగైనందుకు కోత. మన సరుకుల సగటు ఎనిమిది మాటలైతే నాది ఇరవై. ఆ కోత పోగా జీడిపప్పుకి మిగిలింది 1.75, ఒక్కసారే ఉన్న 240కి 0.62. ముక్కల ప్యాకెట్ ముందు ఎందుకు ఉండేదో ఇప్పుడు తెలిసింది, దాని వివరం రెండే మాటలు!

మార్కుని మాట విలువతో గుణించి జమాఖర్చు చూస్తే జీడిపప్పు మీద సంపాదించింది మూడు పైసలు, 240 మీద పోగొట్టుకున్నది 94 పైసలు. ఇలాంటి బేరం నా కొట్లో గుమాస్తా చేసి ఉంటే ఆ రోజే లెక్క తేల్చి పంపేసేవాణ్ణి. 1990లలో లండన్‌లో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం ఈ కోతలన్నీ కట్టారన్నావు, వాళ్లు నాలాంటి వ్యాపారులను బాగానే చూసి ఉంటారు. అదనంగా రాసిన మాటలన్నీ తీసేశాను.

తిత్లీ తుఫానుకి 2018లో మన తోట ఎలా పడిపోయిందో ఉద్దానం పప్పు ప్యాకెట్ వివరంలో రాశాను చూడు, దాన్ని మాత్రం తీయను. పొడుగంటావేమో, వేరే పేజీ చేసి అక్కడ పెట్టు.

ఇంకొకటి. ఎక్కువమంది నొక్కినదాన్ని పైకి తెచ్చే ఏర్పాటు పెడతానన్నావు. తొందరపడకు. కొట్లో గల్లాపెట్టె పక్కన ఏ సీసా పెడితే ఆ సీసాయే అమ్ముడవుతుంది. పోయిన వేసవిలో పనస తాండ్ర పెట్టాం, అదే పోయింది. తర్వాత కారం పప్పు పెట్టాం, అదే పోయింది. జనానికి తాండ్ర మీద మోజు తీరిందని కాదు, చెయ్యి అందినచోట ఉన్నది తీసుకున్నారు. పైన ఉంది కాబట్టి నొక్కుతారు, నొక్కారు కాబట్టి పైనే ఉంచుతావు. కింద ఉన్నవాటి గతేమిటి? వారానికోసారి చోటు మార్చి చూడు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మన భాషతోనే ఉంది. సరుకు పేరు ‘బద్ద’ అని పెట్టావు. జనం ‘బద్దలు’ అంటారు, ‘బద్దల ధర’ అంటారు, మనకు ఒకటే మాట, మిషనుకి మూడు. ‘జీడి పప్పు’ అని విడగొట్టి కొట్టినవాడికి ‘కంది పప్పు’ చూపిస్తోంది! ఇచ్ఛాపురం అవతల ఒడిశా నుంచి వచ్చేవాళ్లు ‘కాజు’ అనే అంటారు. మాటల తోకలు కత్తిరించి మొదలు పట్టుకునే పద్ధతి ఉందన్నావు కదా, అది తెలుగుకి సరిగ్గా కుదిరేదాకా కనీసం ఇవన్నీ ఒకటేనని ఒక పట్టీ ఇచ్చేయ్. నేను కొట్లో కూర్చుని, వచ్చినవాళ్లు అడిగిన మాటలు అడిగినట్టే చిట్టా పుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి రెండు పేజీలయ్యాయి, ఫోటో తీసి పంపుతాను.

నిన్న మీ మామ్మ నా ఫోన్ లాక్కుని, కళ్లజోడు సవరించుకుంటూ ‘కాల్చింది’ అని కొట్టింది. ఏమీ దొరకలేదని వచ్చింది. మనం పెట్టిన పేరు ‘రోస్టెడ్’. “మన కొట్లో కాల్చిన పప్పు లేదేటిరా?” అని నన్ను కేకలేసింది. ముందు ఆ మాట చేర్చు, మిగతావి తీరిగ్గా చేయొచ్చు.

కొరియర్‌లో రెండు కిలోల బద్ద పంపాను. నీ రూమ్మేట్‌కి కూడా పెట్టు.

మీ నాన్న