డివిడెండ్ వార్తలో ఎక్స్-డేట్ కూడా ఇవ్వండి

సంపాదకులకు,

త్రైమాసిక ఫలితాల కాలంలో వాణిజ్య పేజీల్లో ‘షేరుకు ఇన్ని రూపాయల డివిడెండ్’ అన్న శీర్షికలు తరచు కనిపిస్తాయి గాని, కంపెనీ లాభంలోంచి వాటాదారులకు పంచే ఆ సొమ్ము ఎవరికి దక్కుతుందో తేల్చే ఎక్స్-డేట్ (ఆ రోజు నుంచి కొన్నవారికి డివిడెండ్ రాదు), అది బోర్డే ప్రకటించే మధ్యంతర డివిడెండా, వాటాదారులు ఆమోదించే తుది డివిడెండా అన్న వివరం చాలాసార్లు ఉండవు. షేరు ధర నడకను అర్థం చేసుకోవాలంటే ఈ రెండూ తప్పనిసరి.

2023 జనవరి 27 నాటికి మన మార్కెట్లలో అన్ని షేర్ల లావాదేవీలూ మరుసటి పనిదినానికే పరిష్కారమయ్యే పద్ధతి అమలులోకి వచ్చినందున, అంతకుముందు ఒక రోజు తేడాతో ఉండే ఎక్స్-డేట్, రికార్డ్ తేదీ (డివిడెండ్ కోసం కంపెనీ వాటాదారుల జాబితా చూసే రోజు) ఇప్పుడు సాధారణంగా ఒకే రోజున పడుతున్నాయి. రికార్డ్ తేదీ నాడు కొన్నవారికి డివిడెండ్ రాదు. అంతకు ముందటి ట్రేడింగ్ రోజుకల్లా కొని ఉండాలి. కొత్తగా కొనేవారికి ఆ సొమ్ము అందదు కనుక ఎక్స్-డేట్ ఉదయం ధర ఇంచుమించు డివిడెండ్ మేరకు తగ్గి మొదలవడం సహజం. మరునాటి పట్టికలో తగ్గుదల ఒక్కటే కనిపించి కారణం కనిపించకపోతే, కంపెనీకి ఏదో కీడు జరిగిందని పాఠకుడు పొరబడతాడు.

డివిడెండ్ ఆశతో చివరి రోజున కొనడం వల్ల లాభం లేదన్నది కూడా చెప్పవలసిన మాటే. 2020 ఏప్రిల్ 1 నుంచి డివిడెండ్‌పై పన్ను వాటాదారే కట్టాలి. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి 22 రూపాయల డివిడెండ్‌లో సెస్సు కలపకుండానే రూ.6.60 పన్నుకు పోతుంది. షేరు మాత్రం 22 రూపాయల మేరకు తగ్గి ఉంటుంది. ఆ షేరును అమ్మి నష్టం చూపినా, దానిని డివిడెండ్ ఆదాయంతో సర్దుబాటు చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

తుది డివిడెండ్‌ను బోర్డు సిఫారసు మాత్రమే చేస్తుంది. దానిని ప్రకటించేది వార్షిక సర్వసభ్య సమావేశం. ఇన్ఫోసిస్ 2025లో ఇచ్చిన 22 రూపాయల తుది డివిడెండ్‌కు రికార్డ్ తేదీ మే 30 కాగా, వాటాదారుల సమావేశం జూన్ 25న జరిగింది. అంటే ధరలో సర్దుబాటు ముందే జరిగిపోతుంది, ఆమోదం తరువాత వస్తుంది. సమావేశం ప్రకటించాక మాత్రం 30 రోజుల్లోగా చెల్లించి తీరాలని మన కంపెనీల చట్టం చెబుతోంది.

ఎక్స్-డేట్‌కూ చెల్లింపుకూ మధ్య ఉండే ఎడంలో ఏమి జరగవచ్చో 2020లో బ్రిటన్ బ్యాంకు హెచ్‌ఎస్‌బీసీ వాటాదారులకు తెలిసివచ్చింది. షేరుకు 21 సెంట్ల మధ్యంతర డివిడెండ్‌కు ఫిబ్రవరి 27న ఎక్స్-డేట్ దాటిపోగా, ఏప్రిల్ 14న చెల్లించవలసిన ఆ సొమ్మును బ్రిటన్ నియంత్రణ సంస్థ కోరడంతో మార్చి 31న రద్దు చేశారు. సొమ్ము బ్యాంకులోనే మిగిలింది కనుక లెక్క ప్రకారం ధర కొంత పెరగాలి. కానీ ఆ ఏడాదంతా మధ్యంతర డివిడెండ్లు ఉండవని కూడా ప్రకటించడంతో, డివిడెండ్‌నే ఆదాయంగా నమ్ముకున్నవారు ఎక్కువగా ఉన్న హాంకాంగ్‌లో షేరు మరునాడు 9 శాతానికి పైగా పడింది. ఎక్స్-డేట్ తరువాత కొన్న, ఆ 21 సెంట్లతో ఏ సంబంధమూ లేని వారు సైతం ఆ పతనాన్ని భరించారు.

రద్దు అనగానే పతనమేనని సూత్రీకరించడమూ సరికాదు. అదే ఏప్రిల్ 17న రిజర్వు బ్యాంకు మన బ్యాంకుల డివిడెండ్లను నిలిపివేసింది; అయినా రివర్స్ రెపో (బ్యాంకులు తన వద్ద ఉంచే సొమ్ముపై రిజర్వు బ్యాంకు ఇచ్చే వడ్డీ రేటు) తగ్గింపు, మొండి బాకీల లెక్కింపులో వెసులుబాటు అదే రోజున ప్రకటించడంతో బ్యాంకు షేర్లు పెరిగాయి. మన బ్యాంకు షేర్లను డివిడెండ్ కోసం కొనేవారు తక్కువ కావడమూ అందుకు ఒక కారణమని నా అభిప్రాయం.

కనుక డివిడెండ్ వార్త ప్రచురించినప్పుడు ఎక్స్-డేట్, చెల్లింపు తేదీ, మధ్యంతరమా తుదా అన్న వివరాన్ని ఒక్క వాక్యంలోనైనా చేర్చవలసిందిగా, ఎక్స్-డేట్ మరునాటి ధరల పట్టికలో ఆ షేరు పక్కన ఒక గుర్తు ఉంచవలసిందిగా కోరుతున్నాను. ‘440 శాతం డివిడెండ్’ వంటి శీర్షికల్లో ఆ శాతం మార్కెట్ ధరపై కాక, షేరుకు కంపెనీ నిర్ణయించిన 5 రూపాయల ముఖ విలువపైనేనని కూడా తెలియజేస్తే మరీ మంచిది.

భవదీయుడు,
ఒక చిన్న మదుపరి, విజయవాడ