మూడొందల ఫ్రేములు వస్తున్నా గేమ్ ఎందుకు తడబడుతోంది

ఒరేయ్ కిట్టూ,

కౌంటర్-స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆట గురించి నువ్వు రాసిన ఉత్తరం అందింది. "మూలన మూడొందలు చూపిస్తోంది రా, అయినా ఎవడైనా ఎదురొచ్చేసరికి బొమ్మ తడబడుతోంది" అని రాశావు చూడు, నీ జబ్బు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. ఆ మూడొందలు సగటు. సగటు అబద్ధం చెప్పదు గానీ నిజాన్ని దాచేస్తుంది. సెకనుకి 300 ఫ్రేములంటే, అంటే వరుసగా మారే 300 బొమ్మలంటే, ఒక్కో ఫ్రేముకి 3.3 మిల్లీసెకన్లు. మధ్యలో ఒకే ఒక్క ఫ్రేము 20 మిల్లీసెకన్లు తిన్నదనుకో, ఆ సెకను మొత్తానికి 295 ఫ్రేములు వస్తాయి. 300 కాస్తా 295 అయితే ఎవడి కంటికి ఆనుతుంది? కానీ నీ 144 హెర్ట్జ్ మానిటర్ 6.9 మిల్లీసెకన్లకోసారి కొత్త బొమ్మ అడుగుతుంది. ఆ 20 మిల్లీసెకన్లలో దాదాపు మూడుసార్లు దానికి పాత బొమ్మే దొరుకుతుంది. పైగా ఇది జరిగేది తీరిగ్గా నడుస్తున్నప్పుడు కాదు. పొగ, పేలుడు, తూటాలు, నలుగురు మనుషులు అన్నీ ఒక్కసారిగా తెరమీదికొచ్చినప్పుడు. అంటే సరిగ్గా నువ్వు కాల్చాల్సిన క్షణంలో.

అందుకని ఆ పెద్ద అంకె మీద మోజు తగ్గించుకుని ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకి పట్టే సమయం) చూడటం మొదలుపెట్టు. కౌంటర్-స్ట్రైక్ 2 సెట్టింగ్స్‌లో గేమ్ ట్యాబ్ కింద టెలిమెట్రీ అని ఉంటుంది. అక్కడ ఫ్రేమ్ టైమ్, పింగ్ (సర్వర్‌కి కబురు వెళ్లి వచ్చే సమయం), ప్యాకెట్ నష్టం (దారిలో పోయిన డేటా ముక్కలు) మూడూ ఎప్పుడూ కనిపించేలా పెట్టుకో. తర్వాత స్టీమ్ వర్క్‌షాప్‌లో ఎఫ్‌పీఎస్ బెంచ్‌మార్క్ మ్యాప్ దింపుకుని ఒకసారి పూర్తిగా తిప్పు. అయిపోయాక కన్సోల్‌లో రెండు అంకెలు పడతాయి: ఒకటి సగటు, రెండోది పీ1, అంటే అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల దగ్గరి వేగం. రెండూ కాగితం మీద రాసి పెట్టుకో. సగటు 300, పీ1 90 ఉన్న మెషీన్ కన్నా సగటు 220, పీ1 140 ఉన్నది ఆడటానికి ఎంతో హాయిగా ఉంటుంది. ఏ సెట్టింగ్ మార్చినా ఒక్కటే మార్చు, మ్యాప్ మూడుసార్లు తిప్పు, నడిమి అంకె తీసుకో. డ్రైవర్ కొత్తది వేశాక, గేమ్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చాక మొదటి ఒకటి రెండు ఆటల అంకెలు లెక్కలోకి తీసుకోకు. షేడర్లు (కార్డు బొమ్మ గీయడానికి వాడే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తయారవుతుంటాయి, తడబాటు మామూలే.

గేమ్ మెనూలోకి వెళ్లేముందు బయట సంగతులు చూద్దాం. చాలామంది వీటిని వదిలేసి షాడోలు తగ్గిస్తూ కూర్చుంటారు.

మొట్టమొదట మానిటర్. కొత్తది కొన్నానన్నావుగా, విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి రిఫ్రెష్ రేట్ ఎంతుందో చూడు. 144 మానిటర్లు నెలల తరబడి 60లో నడుస్తూ ఉంటాయి, ఎవరూ గమనించరు. జాబితాలో 144 కనిపించకపోతే కేబుల్‌ని అనుమానించు. పాత 1.4 రకం హెచ్‌డీఎమ్‌ఐ 1080పీలో మామూలుగా 120 దగ్గరే ఆగిపోతుంది. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వెయ్యి. అది కూడా కింద అడ్డంగా ఉండే గ్రాఫిక్స్ కార్డు రంధ్రానికి వెయ్యాలి, పైన మదర్‌బోర్డు రంధ్రానికి కాదు. నవ్వకు, ఇది జరిగేదే. ఇక మానిటర్ సొంత మెనూలో ఓవర్‌డ్రైవ్ అని ఉంటుంది, పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా తోసేది. దాన్ని చివరి మెట్టుకి తోస్తే కదిలే మనిషి వెనకాల తెల్లటి నీడ ఒకటి ఈడ్చుకొస్తుంది, కాబట్టి నడిమి మెట్టు చాలు.

నీ విషయంలో నాకు అసలు అనుమానం ర్యామ్ మీద. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమొరీ మీద నొక్కు. కుడివైపు కింద వేగం, ఎన్ని స్లాట్లు వాడుతున్నావో రెండూ ఉంటాయి. నీది 3200 డీడీఆర్4 కదా, అక్కడ 2133 గానీ 2400 గానీ కనిపిస్తే దొంగ దొరికినట్టే. డబ్బా మీద రాసిన వేగం దానంతట అది రాదు, బయోస్ (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్స్) లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ ప్రొఫైల్ ఆన్ చేస్తేనే వస్తుంది. ఏఎమ్‌డీ డీడీఆర్5 బోర్డుల్లో దానిపేరు ఎక్స్‌పో. ఇక స్లాట్లు "4లో 1" అని ఉంటే, అంటే 16 జీబీ ఒకే కర్రగా ఉంటే, మెమొరీకి ఉన్న రెండు దారుల్లో ఒకటి మూసేసుకున్నట్టు. 8 జీబీవి రెండు కావాలి. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. పక్కపక్కనే పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే దారి మీద పడతాయి. ఇలాంటి గేముల్లో ప్రాసెసర్ ఎక్కువసేపు మెమొరీ కోసమే కాచుకుంటుంది. అందుకే ర్యామ్ సరిచేస్తే సగటు కన్నా పీ1 బాగా లేస్తుంది. ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేశాక మెషీన్ మాటిమాటికీ పడిపోతుంటే ఒక మెట్టు కిందికి, 3000కి దించి చూడు.

వేడి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఆట మొదట్లో బాగుండి ఇరవై నిమిషాలకి మందగిస్తే అది సెట్టింగ్ కాదు, దుమ్ము. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఆడాలి. డిస్కార్డ్, గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ల ఓవర్‌లేలు తీసెయ్యి, బ్రౌజర్ మూసెయ్యి. విండోస్ గేమ్ మోడ్ ఆన్‌లోనే ఉంచు.

ఇప్పుడు అసలు ప్రశ్న: నిన్ను ఆపుతున్నది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా? దీనికి పరీక్ష చాలా సులువు. రిజల్యూషన్ 1280×720కి దించి అదే మ్యాప్ తిప్పు. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు ఆపుతోంది. ఎక్కడివక్కడే ఉంటే ప్రాసెసర్, ర్యామ్ ఆపుతున్నాయి. అప్పుడు నువ్వు గ్రాఫిక్స్ ఎంత తగ్గించినా ఒరిగేదేమీ లేదు, బొమ్మ పాడవడం తప్ప. "అన్నీ లోలో పెట్టేశాను, అయినా అంతే" అని రాశావంటే నువ్వు ఈ రెండో గుంపులో ఉన్నావని నా నమ్మకం. అదే నిజమైతే కొన్ని మళ్లీ పైకి ఎక్కించుకోవచ్చు, ఖర్చు కార్డు భరిస్తుంది.

ఏవి ఎక్కించాలంటే, శత్రువుని చూపించేవి. డైనమిక్ షాడోలు "ఆల్" మీద ఉండాలి. "సన్ ఓన్లీ" పెడితే ఎండ నీడలే మిగులుతాయి, లోపలి దీపాల వెలుతురులో గోడ మూల నుంచి ముందుగా తొంగిచూసే నీడ నీకు పడదు, అవతలివాడికి మాత్రం నీది పడుతుంది. గ్లోబల్ షాడో క్వాలిటీ మీడియమ్ చాలు. బూస్ట్ ప్లేయర్ కాంట్రాస్ట్ ఆన్. ఎమ్‌ఎస్‌ఏఏ పూర్తిగా తీసేస్తే దూరంలో ఉన్న తల అంచులు రంపంలా మెరుస్తూ కదులుతాయి, కన్ను మోసపోతుంది. 4ఎక్స్ పెట్టు, కార్డు మూలిగితే 2ఎక్స్. టెక్స్చర్ ఫిల్టరింగ్ 4ఎక్స్‌కి దాదాపు ఖర్చే లేదు. షేడర్, పార్టికల్ డీటెయిల్ లో. యాంబియంట్ అక్లూజన్ అందానికి, తీసెయ్యి. ఫిడెలిటీఎఫ్‌ఎక్స్ సూపర్ రిజల్యూషన్ కూడా ఆఫ్: అది చిన్న బొమ్మని సాగదీసి పెద్దది చేస్తుంది, దూరంలో పది పిక్సెళ్ల తల ముద్దయిపోతుంది. కార్డు మరీ పాతదైతే తప్ప దాని జోలికి పోకు.

సాగదీసిన 4:3 గురించి అడిగావు. 1280×960ని తెర నిండా సాగదీస్తే మనుషులు అడ్డంగా మూడోవంతు లావవుతారు, నిజమే. కానీ అడ్డంగా కదిలే వేగం కూడా తెరమీద అంతే పెరుగుతుంది. పైగా చూపు 106 డిగ్రీల నుంచి 90కి తగ్గుతుంది, పక్కనుంచి వచ్చేవాడు కనిపించడు. కొందరికి నచ్చుతుంది, నచ్చితే ఆడుకో. మొగ్గు కలిసొస్తుందని మాత్రం ఆడకు.

పరీక్ష మ్యాప్ తర్వాత ఇంకోటి చేసి చూడు. ప్రాక్టీస్‌లో బాట్లని పెట్టుకుని రెండు స్మోక్‌లు పక్కపక్కనే వేసి లోపలికి నడువు, లోపలే నిలబడి మ్యాగజీన్ ఖాళీ చెయ్యి. ఈ గేములో పొగ తూటా వెళ్లినచోట చీలుతుంది, గ్రెనేడ్ పేలితే విచ్చుకుంటుంది, అదంతా కార్డు అప్పటికప్పుడు లెక్కకట్టాలి. ఆ సమయంలో ఫ్రేమ్ టైమ్ 7 మిల్లీసెకన్లు దాటకపోతే నీ 144 మానిటర్‌కి నువ్వు సిద్ధం. దాటితే ముందు ఎమ్‌ఎస్‌ఏఏ, తర్వాత షాడోలు ఒక్కో మెట్టు దించు.

వీ-సింక్ (ఫ్రేములు మానిటర్ కోసం ఆగేలా చేసేది) విషయంలో జనం సగం తెలిసి సగం తెలియక ఒకరినొకరు తిట్టుకుంటారు. ఒంటరిగా వీ-సింక్ వేస్తే చెయ్యి కదిపిన చాలాసేపటికి బొమ్మ కదులుతుంది, అది నిజం. కానీ నీది జీ-సింక్ మానిటర్ (కార్డు వేగాన్ని బట్టి తన వేగం మార్చుకునేది), ఎన్‌విడియా కార్డు కాబట్టి నీకు ఇంకో దారుంది. జీ-సింక్, వీ-సింక్, రిఫ్లెక్స్ (ఆలస్యం తగ్గించే ఎన్‌విడియా సౌకర్యం) మూడూ కలిపి ఆన్ చేసి గేములో ఫ్రేముల పరిమితి తీసెయ్యి. రిఫ్లెక్స్ తనే 144 దగ్గరికి పోనివ్వకుండా 138 దగ్గర ఆపుతుంది (240 మానిటర్ అయితే దాదాపు 225). ఆ కాస్త ఎడం వల్ల ఫ్రేములు వీ-సింక్ వరుసలో పోగుపడవు, బొమ్మ చీలదు, ఆలస్యం తక్కువే. రెండో దారి: మూడింట్లో రిఫ్లెక్స్ ఒక్కటే ఉంచి ఫ్రేముల్ని వదిలెయ్యడం. ఆలస్యం ఇంకొంచెం తగ్గుతుంది, కానీ బొమ్మ చీలుతుంది, ఫ్రేమ్ టైమ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. పీ1 200 దాటే మెషీన్‌కి రెండోది, నీకు ప్రస్తుతానికి మొదటిది. రెండూ కలగలిపి ఫ్రేముల్ని సరిగ్గా 144 దగ్గర మాత్రం కట్టెయ్యకు, అది అన్నిటికన్నా చెడ్డది.

ఇక మౌస్. ఒరేయ్, 1600 డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే పంపే లెక్కలు) మీద సెన్సిటివిటీ 2 ఏంట్రా! ఈ గేములో సెన్సిటివిటీ 1 దగ్గర మౌస్ ఒక్క లెక్క కదిలితే చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది. ఆ లెక్కన నువ్వు పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మౌస్‌ని 13 సెంటీమీటర్లు జరిపితే సరి. వేలు వణికితే క్రాస్‌హెయిర్ తల దాటిపోతుంది. డీపీఐని సెన్సిటివిటీతో హెచ్చవేస్తే వచ్చేది ఈడీపీఐ, నీది 3200. దాన్ని 800 నుంచి 1200 మధ్యకి తెచ్చుకో. డీపీఐ అలాగే ఉంచి సెన్సిటివిటీ 0.6 పెడితే 960 అవుతుంది, ఒక చుట్టుకి సుమారు 43 సెంటీమీటర్లు. ఒక్కసారి దిగితే చెయ్యి మొరాయిస్తుంది, కాబట్టి ముందు 1.2, వారం తర్వాత 0.8, ఆ తర్వాత 0.6. స్కేలు పెట్టి కొలిచి సరిచూసుకో: గోడమీద ఒక మచ్చకి గురిపెట్టి మళ్లీ అదే మచ్చకి వచ్చేదాకా జరుపు. మౌస్‌ప్యాడ్ చిన్నదైతే ముందు అది మార్చాలి. మణికట్టు కాదు, మోచేయి కదలాలి. వాలరెంట్ కూడా ఆడుతున్నావుగా, అక్కడికి వెళ్లేటప్పుడు 3.18తో భాగించు. 0.6 అక్కడ 0.189 అవుతుంది. పోలింగ్ రేటు (మౌస్ సెకనుకి ఎన్నిసార్లు కబురు పంపుతుందో) 1000 చాలు. 8000 పెడితే ప్రాసెసర్‌కి అదనపు బరువు, అసలే నీది అక్కడే అవస్థపడుతోంది. విండోస్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" టిక్కు తీసెయ్యి. గేము నేరుగా మౌస్‌నే చదువుతుంది గానీ, డెస్క్‌టాప్ మీద ఒక తీరు, ఆటలో ఒక తీరు అయితే చేతికి అలవాటు కుదరదు.

లాంచ్ ఆప్షన్స్‌లో నువ్వు అతికించిన ఆ పెద్ద వరుస మొత్తం తుడిచెయ్యి. సగం పాత ఇంజిన్ కాలం నాటివి, ఇప్పుడు పనిచెయ్యవు. త్రెడ్ల సంఖ్య, హై ప్రయారిటీ లాంటివి ఒక్కోసారి ఎదురుతంతాయి కూడా. గేము లోపలికి చొరబడి ఏదో చేస్తామనే బయటి ఉపకరణాలు అసలు వద్దు. 2023 అక్టోబర్‌లో ఏఎమ్‌డీ డ్రైవర్‌లోని యాంటీ-ల్యాగ్ ప్లస్ ఆన్ చేసుకున్న పాపానికే జనానికి వ్యాక్ (గేము తయారుచేసిన వాల్వ్ కంపెనీ మోసగాళ్లని పట్టే వ్యవస్థ) బ్యాన్లు పడ్డాయి, ఏఎమ్‌డీ ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కీబోర్డ్‌లో స్నాప్ ట్యాప్ (ఎదురెదురు దిక్కుల కీలు రెండూ కలిసి నొక్కితే చివరిదాన్నే లెక్కలోకి తీసుకునే ఏర్పాటు) ఉందని మురిశావు, అదీ ఆఫ్ చెయ్యి. 2024 ఆగస్టు నుంచి వాల్వ్ సొంత సర్వర్లలో అది పట్టుబడితే ఆట మధ్యలోంచి బయటికి నెట్టేస్తారు. ఎడమకి నడిపే కీ వదిలి కుడి కీ కొట్టి ఆగడం వేళ్లతోనే నేర్చుకోవాలి.

నెట్ విషయం: వైఫై మానేసి తీగ లాగు. అది కుదరకపోతే కనీసం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదికి మారు. పింగ్ 40 ఉండి కదలకపోవడం మేలు, 15కీ 70కీ మధ్య ఊగడం కన్నా. ప్యాకెట్లు పోతున్నట్టు టెలిమెట్రీ చూపిస్తేనే గేమ్ సెట్టింగ్స్‌లో బఫరింగ్‌ని ఒక ప్యాకెట్‌కి పెట్టు. సర్వర్ సెకనుకి 64 టిక్కుల (లెక్క సరిచూసే సార్ల) మీద నడుస్తుంది కాబట్టి ఆ ఒక్క ప్యాకెట్ ఖరీదు 15.6 మిల్లీసెకన్ల ఆలస్యం. లైను శుభ్రంగా ఉన్నప్పుడు ఆ ఖరీదు ఊరికే కట్టకు.

హెడ్‌ఫోన్‌కి విండోస్ స్పేషియల్ సౌండ్ ఆఫ్ చెయ్యి. గేము తనే దిక్కులు లెక్కకట్టి పంపుతుంది. దానిమీద ఇంకో వర్చువల్ 7.1 పూత వేస్తే అడుగుల చప్పుడు ముందుందో వెనకుందో తేలదు.

ముందు ర్యామ్ వేగం, స్లాట్ల సంఖ్య చూసి రాయి. దాంతోపాటు బెంచ్‌మార్క్ రెండంకెలు, 1080లో ఒకసారి, 720లో ఒకసారి. అవి వచ్చేదాకా కొత్త కార్డు కొనే ఆలోచన పెట్టుకోకు.

ఉంటాను రా,
నీ సత్తి